తగ్గిన బరువు మళ్ళీ పెరిగితే మెటబాలిజం పాడైనట్టేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. వయసు 38, ఎత్తు 170 సెంటీమీటర్లు, షోలింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 92 కిలోలు ఉండేవారు, ఎనిమిది నెలలు గట్టిగా ప్రయత్నించి 78కి వచ్చారు. ఆ తర్వాతి ఏడాదిలో మళ్ళీ 89కి చేరారు. తిండి అప్పటిలాగే తక్కువగా తింటున్నానని, పొద్దున్నే ఐదు కిలోమీటర్లు నడుస్తున్నానని, థైరాయిడ్ పరీక్ష నార్మల్ అని రాశారు. డైటింగ్ వల్ల మెటబాలిజం (జీవక్రియ) శాశ్వతంగా దెబ్బతిన్నదా, ఇప్పుడు అందరూ చెబుతున్న బరువు తగ్గించే ఇంజెక్షన్ తీసుకోవాలా అన్నది మీ సందేహం.

మీ మెటబాలిజం పాడవలేదు. కొంత పొదుపుగా మారింది, అంతే. అసలు మార్పు మీ ఆకలిలో వచ్చింది, అదీ మీకు తెలియనంత నెమ్మదిగా. పోయిన కొవ్వును శరీరం నష్టంగా లెక్కగట్టి, దాన్ని తిరిగి రాబట్టుకునే పనిలో ఉంది. ఇంజెక్షన్ గురించి చివర్లో చెబుతాను. ముందు ఇది అర్థం కాకపోతే దాన్ని కూడా మధ్యలో ఆపేస్తారు. చెన్నైలో చాలా ఏళ్ళుగా ఎండోక్రైనాలజిస్టుగా, అంటే హార్మోన్ల డాక్టరుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవారిలో మీలాంటి కథతో వచ్చేవారే ఎక్కువ.

ముందు లెక్క చూద్దాం. ఒంట్లోని కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు నిల్వ ఉంటాయి. ఏడాదిలో 11 కిలోలు పెరిగారంటే మొత్తం 84,700. రోజుల మీద పంచితే రోజుకు 230 చిల్లర. నిజానికి లెక్క ఇంత సూటిగా ఉండదు. తిరిగి వచ్చిన మొదటి ఒకటి రెండు కిలోల్లో నీరే ఎక్కువ, బరువు పెరిగేకొద్దీ ఖర్చు కూడా పెరుగుతుంది. అయినా తేడా ఏ పాటిదో తెలుసుకోవడానికి ఇది చాలు. 230 కేలరీలంటే రెండు పెద్ద చెంచాల నూనె. బెండకాయ వేపుడులో ఉందో, మధ్యాహ్నం పప్పన్నంలో కలుపుకున్న నేతిలో ఉందో, సాయంత్రం మీటింగులో చేతికి అందిన మురుకుల్లో ఉందో ఎవరూ చెప్పలేరు. మనిషి నాలుకకు గానీ కడుపుకు గానీ అంత చిన్న తేడా తెలియదు.

మీరు అబద్ధం చెబుతున్నారని అనడం లేదు. 1992లో న్యూయార్క్‌లో ఒక పరిశోధన జరిగింది. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పే కొందరిని ఎంచుకుని, ప్రత్యేకంగా గుర్తుపట్టగల అణువులున్న నీటిని తాగించి, వారి శరీరం ఖర్చు చేస్తున్న శక్తిని నేరుగా కొలిచారు. వారు నిజంగా తిన్నదాంట్లో 47 శాతం వారు రాసిన చిట్టాలోకే ఎక్కలేదు. చేసిన శ్రమను మాత్రం 51 శాతం ఎక్కువగా చెప్పుకున్నారు. వారిలో ఎవరి జీవక్రియా మందగించలేదు. వాళ్ళు మోసగాళ్ళు కారు. తిన్నది గుర్తుపెట్టుకోవడంలో మనుషులందరం ఇంతే. కొందరు డైటీషియన్లతో తమ చిట్టాలు తామే రాయించి చూసినప్పుడు కూడా తేడా బయటపడిన సందర్భాలున్నాయి.

అయితే ఇక్కడితో ఆగి “అదిగో, ఎక్కువ తింటున్నారు, తగ్గించండి” అని పంపేసే డాక్టర్లంటే నాకు చిరాకు. ఎక్కువ తింటున్నది నిజమే, ఎందుకు తింటున్నారన్నది కదా ప్రశ్న?

దీనికి నాకు తెలిసిన మంచి సమాధానం ఒక డయాబెటిస్ మందు నుంచి వచ్చింది. కెనాగ్లిఫ్లోజిన్ అనే మాత్ర వేసుకుంటే రక్తంలోని చక్కెర కొంత మూత్రంలో పోతుంది, రోజుకు దాదాపు 360 కేలరీలు. ఆ సంగతి రోగికి తెలియదు, డైటింగ్ చేస్తున్నామన్న భావనా ఉండదు. అలా ఏడాదిపాటు రోజూ శక్తి కారిపోతుంటే బరువు దిగుతూనే ఉండాలి. కానీ సగటున నాలుగు కిలోల దగ్గర ఆగిపోయింది. అమెరికాలో కెవిన్ హాల్ బృందం ఈ వివరాలను విశ్లేషించి 2016లో తేల్చినది ఏమిటంటే, తగ్గిన ప్రతి కిలోకు శరీరం ఖర్చు రోజుకు 20 నుంచి 30 కేలరీలు మాత్రమే తగ్గుతుంది, ఆకలి మాత్రం రోజుకు 100 కేలరీల చొప్పున పెరుగుతుంది. అంటే తిరుగుదాడిలో ప్రధాన బలగం ఆకలిదే, మెటబాలిజానిది కాదు. ఈ అంకెలను మీ 14 కిలోలతో నేరుగా గుణించి భయపడకండి, అవి చిన్న తగ్గుదల మీద చూసినవి. ఏది పెద్దది, ఏది చిన్నది అన్నది మాత్రం గుర్తుంచుకోండి.

కొవ్వు తగ్గిందని మెదడుకు ఎలా తెలుస్తుంది? ఈ కథ ఎలుకల దగ్గర మొదలైంది. 1949లో అమెరికాలోని జాక్సన్ లేబొరేటరీలో, ఆగకుండా తిని బంతిలా ఉబ్బిపోయే ఎలుకలు కొన్ని కనిపించాయి. తర్వాతి దశాబ్దాల్లో డగ్లస్ కోల్మన్ అలాంటి ఎలుక రక్తప్రసరణను మామూలు ఎలుకతో కలిపి చూస్తే, లావు ఎలుక తిండి తగ్గించేసింది. రక్తంలో ఏదో సందేశం తిరుగుతోందని దానితో అర్థమైంది. ఆ సందేశాన్ని 1994లో జెఫ్రీ ఫ్రీడ్మన్ బృందం పట్టుకుంది. అదే లెప్టిన్. కొవ్వు కణాలే దాన్ని తయారుచేసి రక్తంలోకి వదులుతాయి. కణాల్లో కొవ్వు ఎక్కువుంటే లెప్టిన్ ఎక్కువ, తక్కువుంటే తక్కువ. మెదడులోని హైపోథాలమస్ అనే భాగం దాన్ని చదివి నిల్వలు ఎంత ఉన్నాయో అంచనా వేస్తుంది. అంతవరకు సంచిలాగా పడి ఉండే పదార్థమనుకున్న కొవ్వు, ఒక గ్రంథి అని అప్పుడు తేలింది.

లెప్టిన్ దొరికిన రోజుల్లో దాన్ని ఇంజెక్షన్‌గా ఇస్తే ఊబకాయం అంతమవుతుందని చాలామంది ఆశపడ్డారు. పుట్టుకతోనే లెప్టిన్ తయారుకాని అతికొద్దిమంది పిల్లల్లో అది అద్భుతంగా పనిచేసింది కూడా. కానీ మామూలుగా లావున్న వారి రక్తంలో లెప్టిన్ అప్పటికే దండిగా ఉంటుంది, మెదడు దాన్ని పట్టించుకోదు. ఈ హార్మోన్ “ఇక చాలు” అని చెప్పడంలో బలహీనం, “నిల్వలు తరిగిపోతున్నాయి” అని చెప్పడంలో మాత్రం మహా గట్టిది. పరిణామక్రమంలో కరువులు ప్రాణాలు తీశాయి గానీ, విందులు తీయలేదు కదా. మీరు 92 నుంచి 78కి వచ్చినప్పుడు కొవ్వు కణాల సంఖ్య తగ్గలేదు. స్వీడన్ శాస్త్రవేత్తలు 2008లో చూపించిన ప్రకారం, పెద్దయ్యాక మన కొవ్వు కణాల సంఖ్య దాదాపు స్థిరం. ఏటా పదో వంతు చచ్చిపోయి, అంతే సంఖ్యలో కొత్తవి వస్తాయి. ఆపరేషన్‌తో భారీగా బరువు తగ్గినా కణాలు చిక్కిపోతాయి తప్ప పోవు. చిక్కిన కణం తక్కువ లెప్టిన్ వదులుతుంది. ఆ మాట మెదడుకు కరువు వార్తలాగే వినిపిస్తుంది.

అప్పుడు ఆకలి ఒకవైపు పెరుగుతుంది, ఖర్చు మరోవైపు తగ్గుతుంది, జీతం తగ్గిన ఇంట్లో ఖర్చులకు కళ్ళెం వేసినట్టు. థైరాయిడ్ హార్మోన్‌లో చురుకైన రూపమైన టీ3 కొంచెం దిగుతుంది (థైరాయిడ్ పరీక్షలో చూసే టీఎస్‌హెచ్ నార్మల్‌గానే ఉంటుంది, అందుకే మీ రిపోర్టులో ఏమీ కనిపించదు). కండరాలు అదే నడకను తక్కువ ఇంధనంతో పూర్తిచేస్తాయి. కూర్చునే తీరు, కాళ్ళు ఆడించడం, ఊరికే లేచి తిరగడం కూడా తెలియకుండా తగ్గుతాయి. కడుపు నుంచి వచ్చే గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ పెరుగుతుంది. మెల్‌బోర్న్‌లో జరిగి 2011లో ప్రచురితమైన అధ్యయనంలో సగటున 13 కిలోలకు పైగా తగ్గినవారిని ఏడాది తర్వాత మళ్ళీ పరీక్షిస్తే, ఈ హార్మోన్లు అప్పటికీ పాత స్థాయికి రాలేదు, ఆకలీ తగ్గలేదు. మీరు తగ్గిన 14 కిలోలకు అది ఎంత దగ్గరి లెక్కో చూడండి. మీకు ‘పట్టుదల సడలిన’ ఏడాది సరిగ్గా అదే.

ఇప్పుడు మీ స్నేహితులు చెప్పిన మిగతా కారణాల సంగతి.

వయసు. నలభై దగ్గరపడితే మెటబాలిజం పడిపోతుందని అందరూ అంటారు. 2021లో 29 దేశాల్లోని ఆరువేల మందికి పైగా కొలతలతో వచ్చిన అధ్యయనంలో, శరీర పరిమాణాన్ని సర్దిచూస్తే 20 నుంచి 60 ఏళ్ళ వరకు శక్తి ఖర్చు దాదాపు మారదని తేలింది. మారేది ఉద్యోగం, కుర్చీ, నిద్ర, పిల్లల ప్లేట్లలో మిగిలింది పారేయడానికి మనసొప్పకపోవడం.

థైరాయిడ్. నిజంగా తక్కువగా ఉన్నా దానివల్ల పెరిగేది సాధారణంగా కొద్ది కిలోలే, అందులోనూ ఉప్పూ నీరూ ఎక్కువ. మీ టీఎస్‌హెచ్ బాగుంది కాబట్టి ఆ దారి వదిలేయండి. బరువు తగ్గడానికి థైరాయిడ్ మాత్రలు మింగితే గుండె లయ తప్పుతుంది, ఎముకలు పలచబడతాయి.

మందులు. ఇది ఎవరూ అడగరు, నేను తప్పక అడుగుతాను. స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వ్యాధుల మందులు, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, కొన్ని డయాబెటిస్ మందులు బరువు పెంచుతాయి. పోరూరు నుంచి ఒకావిడ ముఖం గుండ్రంగా ఉబ్బి, పొట్ట పెరిగి, చేతులూ కాళ్ళూ మాత్రం సన్నబడి వచ్చారు. తిండి గురించి ఆవిడను అడగనివారు లేరు. మోకాళ్ళ నొప్పికి పేరు లేని పొట్లంలో ఎవరో ఇచ్చిన పొడి వాడుతున్నారని చివరికి తెలిసింది, పరీక్షల్లో స్టెరాయిడ్ ప్రభావం స్పష్టంగా కనిపించింది. మీరు అలాంటివి ఏవైనా వాడుతుంటే ఒక్కసారిగా ఆపకుండా ముందు డాక్టరుకు చెప్పండి.

కీటో, ‘ఫ్యాట్ బర్నింగ్’. ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే గందరగోళమంతా ఇక్కడే. భోజనం చేశాక ఇన్సులిన్ పెరుగుతుంది. అది కొవ్వు కణాలకు “ఇప్పుడు వదలకండి, దాచండి” అని చెబుతుంది. నాలుగైదు గంటలకు ఇన్సులిన్ దిగగానే కణాల్లోని ఎంజైములు కొవ్వును విడగొట్టి, కొవ్వు ఆమ్లాలను రక్తంలోకి పంపుతాయి. కండరాలూ గుండే వాటిని కాల్చుకుంటాయి. మీరు రాత్రి పడుకున్నప్పుడు జరుగుతున్నది ఇదే. కాబట్టి కొవ్వు రోజూ కరుగుతుంది, రోజూ చేరుతుంది. నెల చివర మిగిలిన తేడా ఒక్కటే లెక్క. అన్నం మానేసి నెయ్యీ పనీరూ తింటే ఇన్సులిన్ తగ్గి కొవ్వు ఎక్కువగా కాలేమాట నిజం, కానీ కాలేది చాలావరకు అప్పుడే తిన్న కొవ్వు. మొదటి వారంలో మూడు కిలోలు దిగడానికి కారణం వేరు. కాలేయంలో, కండరాల్లో దాదాపు అర కిలో గ్లైకోజన్ (నిల్వ చేసిన చక్కెర) ఉంటుంది, గ్రాముకు మూడు గ్రాముల నీటిని పట్టుకుని. పిండిపదార్థం మానగానే అది పోతుంది, మళ్ళీ తినగానే వస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో 609 మందిని ఏడాదిపాటు చూసిన 2018 నాటి అధ్యయనంలో కొవ్వు తగ్గించినవారికీ, పిండిపదార్థాలు తగ్గించినవారికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒక్కో గుంపు లోపల మాత్రం తేడాలు విపరీతం. మీరు ఏళ్ళతరబడి ఏది తినగలరో అదే మీకు మంచి డైట్. నెల్లూరు చేపల పులుసుతో పెరిగిన మనిషికి ఎవరో అవకాడో చార్టు ఇస్తే ఎన్నాళ్ళు సాగుతుంది?

కరిగిన కొవ్వు ఎక్కడికి పోతుందని అడిగితే చెమటగా పోతుందంటారు చాలామంది. 10 కిలోల కొవ్వు పూర్తిగా కాలితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరిలో పోతుంది, మిగిలిన 1.6 కిలోలు నీరవుతుంది. చెన్నై మే నెల ఎండలో చొక్కా తడిసిందంటే కొవ్వు కరిగిందని కాదు, నీళ్ళు తాగాలని.

మనవాళ్ళకు కిలోల కంటే నడుము కొలత ముఖ్యం. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్‌ల ఫోటో ఒకటి 2004లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే అంకె) ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మనకు చర్మం కింద కొవ్వు దాచుకునే చోటు తొందరగా నిండిపోయి, మిగిలినది కాలేయంలోకి, పేగుల చుట్టూ పొర్లుతుంది. అందుకే భారతీయులకు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని, నడుము మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదని హద్దులు తగ్గించారు. ఇదే చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ ముందుండి నడిపిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో దేశంలో 10.1 కోట్ల మందికి డయాబెటిస్ ఉందని, పొట్ట లావు 39.5 శాతం మందిలో ఉందని చెప్పింది. పెరంబూరులో ఉండే ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి బీఎంఐ 23 కూడా లేదు, బంధువులంతా సన్నగా ఉన్నావంటారట. నడుము 96, కాలేయం నిండా కొవ్వు, చక్కెర 200 పైన. ఆయనకు నా దగ్గర కిలోల గురించి మాటే ఉండదు.

మీ విషయానికి వస్తే 78 కిలోల దగ్గర కూడా మీ బీఎంఐ 27. ఆ అంకె చూసి నిరుత్సాహపడకండి. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గి అక్కడ నిలబడితేనే బీపీ, చక్కెర, కాలేయపు కొవ్వు స్పష్టంగా మెరుగుపడతాయి. నేనైతే మీకు ముందు 82 అని చెప్పి, అక్కడ ఏడాది ఉండమంటాను.

నిలబడటానికి ఏమి చేయాలి? తగ్గేటప్పుడు చేసిన పని వేరు, నిలబెట్టుకునేటప్పుడు చేయాల్సిన పని వేరు. తగ్గేందుకు తిండి ముఖ్యం, నిలబెట్టుకునేందుకు కదలిక ముఖ్యం. మీ ఐదు కిలోమీటర్ల నడకకు నికరంగా అయ్యే ఖర్చు 200 కేలరీలు. ట్రెడ్‌మిల్ తెర మీద 400 అని చూపిస్తే నమ్మకండి. ఆ నడక తర్వాత పదకొండు గంటలు కుర్చీలో ఉంటే దాని ఫలితం చాలావరకు కరిగిపోతుంది. 1999లో మేయో క్లినిక్‌లో 16 మందికి ఎనిమిది వారాలు రోజుకు వెయ్యి కేలరీలు అదనంగా తినిపిస్తే, కొందరికి కొవ్వు అర కిలో కూడా చేరలేదు, కొందరికి నాలుగు కిలోలు చేరింది. వ్యాయామం కాని మామూలు కదలికలో తేడాయే దానికి ప్రధాన కారణం. ఫోను వస్తే లేచి నడుస్తూ మాట్లాడండి, వినడానికి చిన్నదైనా లెక్కలో పెద్దది.

వారానికి రెండు మూడు సార్లు బరువులెత్తే వ్యాయామం చేయండి. తగ్గిన కిలోల్లో సుమారు పావు వంతు కండరం పోతుంది, తిరిగి వచ్చేటప్పుడు వచ్చేది మాత్రం కొవ్వే ఎక్కువ. ప్రొటీన్ పెంచండి. మన భోజనంలో నాలుగు గరిటెల అన్నానికి నీళ్ళ సాంబారు ఒక గరిటె. దాన్ని తిప్పేయాలి. గట్టి పప్పు, రెండు గుడ్లు, పెరుగు, చేప ముందు తిని, అన్నం తర్వాత తినండి. ప్రొటీన్ అరిగించడానికే శరీరం అందులో 20 నుంచి 30 శాతం శక్తి ఖర్చు చేస్తుంది, ఆకలీ ఆలస్యంగా వేస్తుంది. టీ నగర్ ఆంధ్రా మెస్‌లో శుక్రవారం మధ్యాహ్నం ఎంత తిన్నారన్నది నేను అడగను, అది వారానికి ఒకసారే. రోజూ పెట్టే నూనె గురించి అడుగుతాను. అంబత్తూరు నుంచి వచ్చే ఒక టీచరమ్మ తగ్గిన బరువును ఏళ్ళుగా నిలబెట్టుకున్నారు. ఆవిడ పద్ధతి చాలా విసుగు పుట్టించేది. నలుగురున్న ఇంటికి నెలకు రెండు లీటర్ల నూనె, అయిపోతే ఆ నెల వేపుళ్ళు బంద్. ప్రతి సోమవారం పొద్దున్నే బరువు చూసుకుంటారు, రెండు కిలోలు పెరిగితే సాయంత్రం టిఫిన్ ఆపేస్తారు. పది పెరిగేదాకా ఆగరు.

నిద్ర కూడా చూసుకోండి. మీకు అమెరికా కాల్స్ ఉన్నాయని రాశారు. షికాగోలో 2004లో ఆరోగ్యవంతులైన యువకులను రెండు రాత్రులు నాలుగు గంటలే పడుకోనిస్తే లెప్టిన్ 18 శాతం తగ్గి, గ్రెలిన్ 28 శాతం పెరిగింది, తీపి మీదా ఉప్పు పదార్థాల మీదా కోరిక పెరిగింది. గురక ఎక్కువుందని, పగలు కునుకు పడుతోందని ఇంట్లోవారు అంటుంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) పరీక్ష చేయించుకోండి.

ఇక ఇంజెక్షన్. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ పేగు హార్మోన్లను అనుకరిస్తాయి. పైన చెప్పిన ఆకలి గోలను అవి నేరుగా మెదడు దగ్గరే తగ్గిస్తాయి, అందుకే పనిచేస్తాయి. సెమాగ్లుటైడ్‌తో 68 వారాల్లో సగటున 14.9 శాతం, టిర్జెపటైడ్ గరిష్ఠ మోతాదుతో 72 వారాల్లో 20.9 శాతం బరువు తగ్గింది. 2025 నుంచి బరువు కోసమే ఇవి మన దేశంలోనూ దొరుకుతున్నాయి. కానీ సెమాగ్లుటైడ్ ఆపేసిన ఏడాదికి తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. ఇంతవరకు చదివినవారికి అందులో ఆశ్చర్యమేమీ ఉండదు. బీపీ మందులాగే దీన్నీ ఏళ్ళతరబడి వాడాల్సిరావచ్చనుకునే మొదలుపెట్టాలి, పెళ్ళికి మూడు నెలల ముందు వేసుకునేది కాదు.

మీ బీఎంఐ ఇప్పుడు 30.8. కాబట్టి అడగడంలో తప్పులేదు, సిగ్గుపడాల్సిందీ లేదు. ముందు నడుము కొలత, మూడు నెలల సగటు చక్కెర, లిపిడ్లు (రక్తంలోని కొవ్వులు), కాలేయం స్కానింగ్ చేయించుకుని వెళ్ళండి. గతంలో పాంక్రియాస్ వాపు వచ్చినా, పిత్తాశయంలో రాళ్ళున్నా, కుటుంబంలో మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నా డాక్టరుకు మొదటే చెప్పండి. ఆఖరిదైతే ఈ మందు మీకు కుదరదు. వాంతులు, మలబద్ధకం మొదటి వారాల్లో మామూలే, మోతాదు నెమ్మదిగా పెంచితే చాలామందికి సర్దుకుంటాయి. మందు మొదలుపెట్టినా బరువులెత్తడం, ప్రొటీన్ మానకూడదు, లేకపోతే పోయేదాంట్లో కండరం వాటా పెరుగుతుంది. ఇక జిమ్‌లో తెలిసినవాళ్ళు తెప్పించి ఇస్తామనే పెన్నులు, పొడి రూపంలో వచ్చే చవక సీసాలు ముట్టుకోకండి. చీటీ రాసిన డాక్టరు, బిల్లు ఇచ్చే మందుల షాపు, ఇంటిదాకా చల్లగా తెచ్చుకునే ఏర్పాటు, ఈ మూడింటిలో ఒకటి లేకపోయినా ఆ నెల మోతాదు వేసుకోవద్దు.